నిలువెత్తు స్పీకర్లూ, గనిమామ విచారణా

ఆ రోజుల్లో లోకమంతా మగవాడి హోదాను మీసంతోనో జీతంతోనో కొలిచేది. నేను మాత్రం స్పీకర్ల ఎత్తుతో కొలిచేవాణ్ణి. ఈ కొలత ఎవరు కనిపెట్టారని అడగకండి, నేనే కనిపెట్టాను. ఆ కొలత ప్రకారం ప్రొద్దుటూరు మొత్తానికీ మొనగాణ్ణి నేనేనని తేల్చిందీ నేనే. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు గేటు పాసులు రాసే ఉద్యోగం నాది. పొద్దున్నే బస్సెక్కి తెల్ల చొక్కాతో వెళ్ళడం, సాయంత్రం అదే చొక్కాతో బూడిద రంగులో తిరిగి రావడం. అలాంటివాడు జీవితంలో ఒక్క పనైనా ఘనంగా చేయాలి కదా! అందుకని మంచం కొనకముందే, మంచినీళ్ళ బిందె కూడా కొనకముందే, నా ఛాతీ ఎత్తుండే స్పీకర్లు రెండు కొని మిద్దె మీది నా గదిలో చెరో మూలా నిలబెట్టాను. గది చిన్నది కావడంతో చెరో మూలా నిలబెట్టినా అవి పక్కపక్కనే ఉన్నట్టుండేవి. స్నానానికి వెళ్ళాలంటే వాటి మధ్య నుంచి ఒళ్ళు పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టి వెళ్ళాలి. (అప్పట్లో నాకు పొట్ట లేదు. ఉండి ఉంటే ఈ కథే లేదు.) ఒకదాని మీద దేవుడి పటం, దువ్వెన, కొబ్బరినూనె సీసా. ఇంకోదాని మీద తడి తువ్వాలు. దోమతెర తాళ్ళు కూడా వాటికే కట్టేవాణ్ణి.

కింద ఇంటివాళ్ళది బట్టల వ్యాపారం. ఆ ఇంటావిడను వీధంతా సెట్టెమ్మ అనేది. నేను పాట పెట్టిన ప్రతిసారీ ఆమె కింద నుంచి చీపురు కట్టెతో పైకప్పు పొడిచేది. నేనది తాళం వేయడం అనుకునేవాణ్ణి. ఒకరోజు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "అబ్బీ, నువ్వు పాట పెడితే నా ఊరగాయ జాడీలు నడుస్తాండాయి. నిన్న గోంగూర జాడీ అంచు దాకా వచ్చి నిలబడింది. నేను దాన్ని పట్టుకోనుండాల్నా, వంట చేసుకోవాల్నా?" అంది. దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకుని, "మంచి స్పీకరంటే అట్లనే ఉంటాది పెద్దమ్మా" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ గదిలో ఆ స్పీకర్ల నుంచి ఒక్క పాటా నాకు అర్థమయ్యేది కాదు. పాడేవాళ్ళు ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలిసేది కాదు. గుండె అదిరేది, కిటికీ రెక్కలు గలగలలాడేవి, అంతే. సంగీతమంటే అదేననుకున్నాను.

అలాంటి రోజుల్లో పులివెందుల నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి అక్కడ ఒక బడిలో లెక్కలు చెప్పేది. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు వానల గురించీ గొర్రెల ధరల గురించీ మాట్లాడుకుంటుండగా ఆమె కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, ఎవరికీ వినపడకుండా, "చెవెనక సిమెంటుంది" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. నవ్వను కూడా నవ్వలేదు, కళ్ళు మాత్రం నవ్వాయి. ఆ క్షణమే నా పని అయిపోయింది. తిరుగు బస్సులో చెవి వెనక తడుముకుంటూ, ఈ పిల్లను చేసుకోకపోతే ఇంకెవర్నీ చేసుకోనని మనసులోనే ఒట్టు పెట్టుకున్నాను.

కానీ ఒట్లు పెట్టుకుంటే పెళ్ళిళ్ళు అయిపోతాయా! మావి తరతరాలుగా గొర్రెలు మేపుకున్న కుటుంబాలు. పొట్టేలును కొనేముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాం, వీపు నొక్కి చూస్తాం, నడిపించి చూస్తాం. అల్లుణ్ణి మాత్రం ఊరికే తీసుకుంటామా? పిల్లవైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, ముందు వీధిలో విచారించి, తర్వాత ఇల్లు చూసి పోతాడు. ఇంట్లో ఉన్నంతసేపూ అవుననీ అనడు, కాదనీ అనడు. పెట్టింది తింటే ఒప్పుకున్నట్టు, చెయ్యి కడగకుండా లేస్తే లేదన్నట్టు. ఈ పనికి అమ్మాయి మేనమామ బయలుదేరుతున్నాడని కబురొచ్చింది. ఆయన తుమ్మలపల్లె గనిలో పనిచేసేవాడు కాబట్టి మా ఇంట్లో ఆయనకు గనిమామ అని పేరు పెట్టేశాం. భూమి లోపల ఏముందో చూసే మనిషి, నా లోపల ఏముందో చూడలేడా!

సాయం చేయడానికి అమ్మ ఊరి నుంచి ముందే వచ్చేసింది. గడపలో నిలబడి గదిని ఒకసారి చూసి, సంచి కూడా దించకుండా, "రేయ్, ఇది ఇల్లా, గోదామా? ఆ పిల్లొస్తే యాడ పండుకుంటాది, ఈ బీరువాల పైనా?" అంది.

"అవి బీరువాలు కాదుమా, స్పీకర్లు."

"బీరువాలైతే బట్టలన్నా పెట్టుకుంటాం. ఇవి దేనికి పనికొస్తాయి? ఆ మేనమామ వచ్చే లోపల ఇవన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

అమ్మనూ స్పీకర్లనూ పక్కపక్కన పెట్టి ఆలోచించినంత సేపు నాకు చాలా కష్టంగా గడిచింది. చివరికి అమ్మే గెలిచింది. స్పీకర్ల అంగడి భాయ్ దగ్గరకు వెళ్ళి నా గోడు చెప్పుకుంటే ఆయన, "గదికి తగిన గొంతుండాల భాయ్. బాత్రూమంత గదిలో బజారంత స్పీకర్లు ఏంటికి?" అని, పుస్తకాల అరలో పట్టే చిన్న స్పీకర్ల జత ఒకటి చేతిలో పెట్టాడు. ఒక్కోటి పెద్ద ఇటుకంత. నాకు పరువు పోయినట్టయింది. ఇంటికి తెచ్చి, అరలో పెట్టి, మొహం మాడ్చుకుని పాట వేశాను. వేస్తే ఏముంది, మాటలు వినబడ్డాయి! ఇన్నేళ్ళూ వీరుల పాటనుకుని నేను తొడ చరుచుకుంటూ విన్నది నిజానికి ఒక జోలపాట. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పెద్దవాటిని జమ్మలమడుగు అవతల సేద్యం చేసే మా చిన్నాయన అడిగాడు. "అడివి పందులు నా శెనక్కాయ చేను దున్నేస్తాండాయిరా. టపాకాయలు కాల్చినా నవ్వుకుంటా నిలబడతాండాయి. ఆ డబ్బాలు నాకిచ్చేయి, కుక్కల అరుపులు పెట్టి తరుముతా" అన్నాడు. కన్నబిడ్డల్ని పందుల మీదికి పంపుతున్నట్టు అనిపించింది గానీ, వేరే దారి లేక ఊరికే ఇచ్చేశాను. చిన్నాయన ట్రాక్టరు తెచ్చాడు. గీతలు పడకుండా రెండింటికీ దుప్పట్లు చుట్టి, తాళ్ళు కట్టి, నలుగురం మోసి, మెట్ల మీంచి మెల్లగా దించి ట్రాలీలో పడుకోబెట్టాం. వీధిలో పోతున్న ఒక పెద్దాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు. "ఇద్దరా! ఒకేసారా! అయ్యో దేవుడా" అంది ఇంకొకామె. సెట్టెమ్మ మాత్రం సంతోషం పట్టలేక గడప దగ్గర టెంకాయ కొట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూసినవాళ్ళకు ఇంక అనుమానమెందుకుంటుంది!

తర్వాత కొన్ని రోజులకే గనిమామ వచ్చాడు. వచ్చినవాడు నేరుగా మా ఇంటికి రాకుండా, పద్ధతి ప్రకారం ఎదురుగా టీ అంగట్లో విచారించాడు. టీ అంగడి వాడు, "ఆ పిల్లోడా? మంచోడే అప్పా. పాపం, మొన్ననే సామాను దుప్పట్లు కప్పి ట్రాక్టరుకెత్తినాడు. ఏడుస్తాండె" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. (ఈ ముక్క నాకు తర్వాతెప్పుడో తెలిసింది.) మా వైపు ఒంటరిగా ఉండే కుర్రవాడి ఇంట్లోంచి సామాను ముసుగేసుకుని వెళ్ళిపోయిందంటే జనానికి తట్టేది ఒకటే: క్రికెట్ పందాలు, వాటి అప్పులు. గనిమామ ఆ అనుమానం జేబులో వేసుకుని మెట్లెక్కాడు.

లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోకుండా నేల వైపే చూశాడు. స్పీకర్లు ఉన్నచోట ఎర్రటి గచ్చు కొత్తగా మెరుస్తూ రెండు చదరాలు కనబడుతున్నాయి. ఆయన వంగి వాటిని జానతో కొలిచాడు. అటు ఇటు కొలిచి, లేచి, చేతులు దులుపుకుని, చాలా మెత్తగా అడిగాడు.

"ఏమప్పా, మ్యాచ్‌లు చూస్తావా?"

ఆహా, మామ నాతో కలిసిపోతున్నాడు అనుకున్నాను. "ఒక్కటి కూడా ఇడిసిపెట్టను మామా!"

"అట్లనా! ఎవురు గెలుస్తారో ముందే తెలుస్తాదా?"

"టాస్ ఏసినప్పుడే చెప్పేస్తా మామా. ఫ్యాక్టరీలో అందరూ నన్నే అడుగుతారు."

"ఎప్పుడన్నా తప్పుతాదా?"

"ఈసారి శానా తప్పింది మామా. ఫైనల్ రోజైతే నాకు అన్నమే సయించలా."

అమ్మ నా గుణగణాలు తెలియజేసే అవకాశం ఇదేననుకుని వంట దగ్గర నుంచి అందుకుంది. "వానికి ఆ పిచ్చి ఒక్కటేనన్నా. తాగుడు, చీట్లాట ఏమీ ల్యా."

గనిమామ కళ్ళు మూసుకుని తెరిచాడు. నేనేమో ఉత్సాహంగా చిన్న స్పీకర్ల దగ్గరకు తీసుకెళ్ళాను. "ఇదేందప్పా, టిపినీ క్యారేరా?" అన్నాడు. పాట పెట్టాను. అంత స్పష్టమైన గొంతు ఆ ఇటుకల్లోంచి వస్తుందని ఆయన నమ్మలేదు. మంచం కింద వంగి చూశాడు, తలుపు వెనక చూశాడు, చివరికి స్నానాల గదిలోకి కూడా తొంగి చూసి, "పెద్దవి యాడ?" అన్నాడు. నిజం నాలుక చివర దాకా వచ్చింది. కానీ నా స్పీకర్లు, ప్రొద్దుటూరు మొనగాడి స్పీకర్లు, పందులు తోలుకుంటున్నాయని కాబోయే మామతో ఎట్లా చెప్పేది? దర్జాగా గొంతు సవరించుకుని, "కావల్సినోళ్ళు వచ్చి తీసకపోయినారు మామా" అన్నాను.

ఇంకేం కావాలి! అమ్మ నేతిలో ముంచిన ఓళిగలు, అదే బొబ్బట్లు, పళ్ళెంలో పెట్టి తెచ్చేసరికి గనిమామ చెప్పులు వేసుకుంటున్నాడు. చెయ్యి కడగలేదు, నీళ్ళు కూడా ముట్టలేదు. "పని ఉండాది మా, పోతా" అని మెట్లు దిగిపోయాడు. అమ్మ పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది. "ఏమి కూసినావురా ఆయనతో?" అంది. "క్రికెట్ గురించేమా" అన్నాను అమాయకంగా. సాయంత్రానికల్లా కబురు వచ్చేసింది: పిల్లోడు పందాల్లో సామాను తగలేసుకున్నాడు, మాకొద్దు. అమ్మ ఆ ఓళిగలన్నీ నా ముందు పెట్టి, "తినురా, బాగా తిను, నీకు ఇంగ పెండ్లి భోజనం ల్యా" అని తిట్టింది. నేను తిన్నాను, బాగా ఏడుస్తూ తిన్నాను. ఓళిగలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "చెవెనక సిమెంటు" అంది అవతలి గొంతు. నా చేతిలోని పాసుల కట్ట కింద పడింది.

"పందాలు నిజమేనా?" అని అడిగింది ఆమె, పిల్లల్ని లెక్క అడిగినట్టు.

"దేవుడి మీద ఒట్టు, ల్యా! నేను చూస్తా, అంతే. దుడ్లు పెట్టి ఆడను."

"మరి స్పీకర్లు యాడుండాయి?"

ఇంక దాచి లాభం లేదు. "జమ్మలమడుగు కాడ, మా చిన్నాయన చేన్లో. పందుల్ని తోలుతాండాయి."

అటు నుంచి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటున్నట్టు ఏదో వినిపించింది. "ఆ మాట మామకు చెప్పేదానికేమి రోగం?"

"సిగ్గయింది."

"సిగ్గుపడతా కూర్చోండి. ఆదివారం మైదుకూరు సంబంధానికి మాటిస్తారంట. ఆ లోపల మామను తీసకపోయి కండ్లకు చూపియ్యండి. నేను చెప్తే వస్తాడు" అని పెట్టేసింది. మైదుకూరు నాకేమీ అన్యాయం చేయలేదు గానీ, ఆ ఊరి పేరు రాసి ఉన్న బస్సులన్నిటినీ ఆ వారమంతా కోపంగా చూశాను.

శనివారం గనిమామను బండి వెనక కూర్చోబెట్టుకుని జమ్మలమడుగు దాటి చేను దగ్గరకు వెళ్ళాను. చేనుగట్టు మీద చిన్నాయన గొర్రెలకు మేత వేస్తున్నాడు. "చిన్నాయనా, నేనిచ్చిన స్పీకర్లు మామకు చూపించు" అన్నాను ఆత్రంగా.

చిన్నాయన నన్ను చూశాడు. ప్యాంటు వేసుకుని, చేతులు కట్టుకుని గంభీరంగా నిలబడిన గనిమామను చూశాడు. స్పీకర్లు వెనక్కి తీసకపోవడానికి వచ్చారని ఆయనకు తోచింది. అవి వచ్చినప్పటి నుంచి ఒక్క పంది కూడా చేనులో అడుగు పెట్టలేదు మరి. వాటిని ఎట్లా వదులుకుంటాడు! మొహం నున్నగా పెట్టి, "ఏం స్పీకర్లురా?" అన్నాడు.

"అదే చిన్నాయనా, ట్రాక్టరులో తెచ్చుకున్నావే!"

"ట్రాక్టరులో నేను తెచ్చింది ఎరువు మూటలు. ఎండ దెబ్బ తగిలిందా ఏందిరా నీకు?"

"ఆ మోటరు కొట్టంలో ఏముండాది?" అని అడిగాడు గనిమామ.

"ఎరువు మూటలేనప్పా. బీగమేసినా, బీగంచెవి మా ఆడమనిషి తీసకపోయింది" అన్నాడు చిన్నాయన, తాళంచెవి కట్టిన మొలతాడు మీదికి పంచె లాక్కుంటూ.

గనిమామ నా వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం కూడా లేదు, జాలి ఉంది. "పా అప్పా, నన్ను బస్సు కాడ దించు" అన్నాడు. సొంత చిన్నాయన నిలువునా ముంచేశాడు! ఆ పిల్ల మైదుకూరు వెళ్ళిపోతోంది, అక్కడెవరో అదృష్టవంతుడి చెవి వెనక చూస్తోంది. బండి తాళం చేతిలో పట్టుకుని నిజంగానే ఏడుపు మొదలుపెట్టబోయాను.

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది. మా పల్లెల్లో చేలకు కరెంటు దానికి తోచినప్పుడు వస్తుంది, దాని కోసం మనిషి కాపలా ఉండలేడు. అందుకే ప్రతి మోటరుకూ, కరెంటు రాగానే తనంతట తానే తిరిగేలా ఆటో స్టార్టరు పెట్టుకుంటారు. చిన్నాయన తెలివైనవాడు, స్పీకర్లను కూడా దానికే తగిలించాడు. బోరు గుడగుడమని నీళ్ళు కక్కింది. ఆ వెంటనే తాళం వేసిన కొట్టంలోంచి ఊళ్ళోని కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగాయి. డబ్బాలు మోగాయి. వాటన్నిటి మీదుగా చిన్నాయన గొంతే, ఆకాశమంత గొంతు, "హేయ్! పట్టుకోండ్రా! కాళ్ళిరగ్గొట్టండ్రా!" అని ఉరిమింది. ఇన్నేళ్ళూ భూమి లోపల పేలుళ్ళకే బెదరని గనిమామ ఎగిరి నా వీపెక్కాడు. ఎక్కినవాడు దిగలేదు. గొర్రెలు తలో దిక్కుకూ పరుగెత్తాయి. చిన్నాయన మాత్రం మా ఎదురుగా నోరు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు, ఆయన గొంతేమో కొట్టంలోంచి కాళ్ళు విరగ్గొడతానంటోంది.

మూడోసారి కాళ్ళు విరగ్గొట్టాక గనిమామ నా వీపు మీద నుంచే అడిగాడు: "ఏందప్పా, మీ ఎరువు మూటలు మొరుగుతాండాయి?"

చిన్నాయన తలొంచుకుని మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. తలుపు తీశాక గనిమామ లోపలికి వెళ్ళి, ఆ హోరులోనే వంగి, స్పీకర్ల అడుగును జానతో కొలిచాడు. మా గదిలోని చదరాలకు సరిపోయింది. లేచి నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఎంత నవ్వాడంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. నవ్వు మధ్యలో ఉన్నట్టుండి ఆగి, "ఎంతకమ్మినావు?" అని అరిచాడు.

"అమ్మలా మామా, ఊరికే ఇచ్చినా!"

"ఊరికేనా! ఇంత సామాను ఊరికే ఇచ్చేటోనికి పిల్లనిస్తే సంసారమెట్ల జరుగుతాదప్పా?" ఆయన కాసేపు ఆలోచించి, "సరేలే, అది లెక్కల టీచరు. అది చూసుకుంటాది" అన్నాడు. ఫోను తీసి, పులివెందులకు కలిపి, "నువ్వే చెప్పు పో" అని నా చెవి దగ్గర పెట్టాడు.

"ఏమన్నాడు మామ?" అంది ఆమె. ఆ గొంతులో వణుకు విన్నాను. ఇంత సేపూ భయపడింది నేనొక్కణ్ణే కాదని అప్పుడు తెలిసింది. "సరేనన్నాడు" అన్నాను. కుక్కలు మొరుగుతున్నాయి. "వినపడలా" అంది. "ఒప్పుకున్నాడు!" అన్నాను. చిన్నాయన పందుల కాళ్ళు విరగ్గొడుతున్నాడు. "వినపడలా, గట్టిగా చెప్పండి" అంది. ఇక లాభం లేదని ఊపిరంతా ఎగబీల్చి, మనసులో ఉన్న మాటే అరిచేశాను. సరిగ్గా ఆ మాట దగ్గరే కరెంటు పోయింది. బోరు ఆగింది, కుక్కలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో "నువ్వంటే నాకు శానా ఇష్టం!" అన్న నా కేక ఒక్కటే చేను మీదుగా వెళ్ళి, గట్టు దగ్గర కలుపు తీస్తున్న ఆడవాళ్ళను తాకింది. వాళ్ళు కొడవళ్ళు కింద పెట్టి మరీ నవ్వారు. గనిమామ ఆకాశం వైపు చూశాడు. ఫోనులోంచి "ఇప్పుడు వినపడింది" అన్న మాట వచ్చింది.

ఇప్పుడు మాకు మూడు గదుల ఇల్లుంది, నాకు పొట్ట కూడా ఉంది. చిన్న స్పీకర్లు హాల్లో అరలో ఉన్నాయి, పాట పెట్టినా పక్క గదిలో ఫోను మాట్లాడుకునేవాళ్ళకు ఇబ్బందని తగ్గించి పెడతాను. గేటు పాసులు రాసే ఆ పిల్లగాడు ఇప్పుడెదురైతే నన్ను గుర్తుపట్టడు, పట్టినా సిగ్గుపడతాడు. ఒక్కోసారి సాయంత్రం ఆమె వంటింట్లోంచి ఏదో అడుగుతుంది, నేను పేపరు చూస్తూ సమాధానం చెబుతాను. "వినపడలా" అంటుంది. మళ్ళీ చెబుతాను. "వినపడలా, గట్టిగా" అంటుంది. ఆమె చెవులకు ఏ లోపమూ లేదు, పక్కింట్లో చెంచా పడినా వినపడుతుంది. పేపరు పక్కన పెట్టి, కిటికీలు మూసి ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుంటాను.